ఒక్క చీటీ కూడా పోకుండా: జావాలో మెసేజ్ రూటింగ్ అప్లికేషన్ కట్టి కంటైనర్లలో నడిపే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ జోరుగా ఉన్నప్పుడు ఒక్క లాట్ వెనక ఎన్ని వివరాలు తిరుగుతాయో చూడండి. గేటు దగ్గర రైతు పేరు, బస్తాల లెక్క. జెండా పాట (వేలం) అయ్యాక ధర. కాంటా అయ్యాక తూకం. చివరికి అడ్తి దుకాణంలో తక్‌పట్టి, అంటే అమ్మకం లెక్క చీటీ. ఇవన్నీ ఒకే చోట పుట్టవు, ఒకే చోటికి పోవు. పత్తి వివరాలు ఒకరికి కావాలి, మిర్చివి ఇంకొకరికి, పసుపువి మరొకరికి. వచ్చిన ప్రతి మెసేజ్‌ని చూసి ఎటు పోవాలో అటు పంపే చిన్న ప్రోగ్రామే మెసేజ్ రూటర్. చెరువు కింద ఏ మడికి ఎంత నీళ్లు వదలాలో నీరటి చూసుకున్నట్టు, ఇది మెసేజ్‌ల సంగతి చూసుకుంటుంది.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కాలేజీల్లో జావా బాగానే నేర్చుకుని, కంటైనర్ (ప్రోగ్రామ్‌ని, దానికి కావలసినవన్నీ కలిపి విడిగా నడిపే పెట్టె) అనగానే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మార్కెట్ ఉదాహరణ నేను కల్పించుకున్నదే. మీరు దాన్ని ఆసుపత్రి రిపోర్టులకో బస్సు టికెట్లకో మార్చుకోవచ్చు, పద్ధతి మాత్రం అదే.

రూటర్‌ని నడిపించడం కష్టమేమీ కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే నడుస్తుంది. అది ఆగినప్పుడు, కూలినప్పుడు, మళ్లీ లేచినప్పుడు చేతిలో ఉన్న మెసేజ్ ఏమైంది అన్నదే అసలు పని. అందుకే కింద ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటూ పోదాం: ఇక్కడ చీటీ, అంటే మెసేజ్, పోయే సందు ఉందా?

కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మెట్టు 1: ముందు కాగితం మీద గీయండి

మన అప్లికేషన్‌లో రెండు భాగాలు. మొదటిది, హెచ్‌టీటీపీ ద్వారా లాట్ వివరాలు జేసన్ అనే టెక్స్ట్ రూపంలో తీసుకుని బ్రోకర్ (మెసేజ్‌లను దాచి అందించే సర్వర్) లోని ఒక క్యూలో, అంటే వరుసలో, వేస్తుంది. ఈ క్యూని ‘లాట్స్ ఇన్’ అందాం. రెండోది ఆ క్యూలోంచి తీసి, సరుకును బట్టి పత్తి, మిర్చి, పసుపు క్యూలకు పంచుతుంది. తెలియని సరుకు వస్తే ‘ఇతర’ క్యూకి. చదవడానికే వీల్లేని మెసేజ్ వస్తే ‘డెడ్’ క్యూకి.

హెచ్‌టీటీపీ నుంచి నేరుగా పంచేస్తే పోదా, మధ్యలో ఈ క్యూ ఎందుకు అని అడగవచ్చు. పంచే భాగం కాసేపు ఆగినా తీసుకునే భాగం నడుస్తూ ఉండాలి. గేటు దగ్గర ట్రాలీల వరుస కంప్యూటర్ కోసం ఆగదు కదా.

జేసన్‌లో నాలుగే ఫీల్డులు పెట్టండి: లాట్ నంబరు, సరుకు కోడ్, బస్తాలు, ధర. సరుకు పేరు మామూలు భాషలో కాకుండా చిన్న కోడ్‌గా ఉండాలని గట్టిగా చెబుతాను. ఒకరు మిర్చి అని, ఒకరు మిరప అని, ఇంకొకరు చివర ఖాళీ వదిలి కొడతారు. కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు పదాల మధ్య కూడా కనిపించని అక్షరం ఉండవచ్చు, కంప్యూటర్‌కి అవి రెండూ వేరు. చూపించడానికి తెలుగు వాడండి, దారి తేల్చడానికి కోడ్ వాడండి.

మెట్టు 2: సామాన్లు

జావా 21, మేవెన్ (ప్రాజెక్టు కట్టే సాధనం), డాకర్ (కంటైనర్లు నడిపే సాధనం) ఉంటే చాలు. రూటింగ్‌కి అపాచీ కామెల్ అనే జావా లైబ్రరీ వాడదాం. 2007 నుంచి ఉన్న ప్రాజెక్టు అది. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌కి కనీసం జావా 17 ఉండాలి. నేను 21 అంటున్నది అది దీర్ఘకాల సపోర్ట్ ఉన్న వెర్షన్ అని మాత్రమే కాదు. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది. అంతకు ముందు వెర్షన్లలో, లోకేల్ ఏదీ పెట్టని కంటైనర్‌లో ఫైల్ చదివితే రైతు పేరు కాస్తా ప్రశ్నార్థకాల వరుసగా మారేది. లాగ్‌లో కూడా తెలుగు సరిగ్గా రావాలంటే ఇమేజ్‌లో (కంటైనర్ పుట్టే అచ్చులో) ‘లాంగ్’ వేరియబుల్‌ని ‘సీ.యూటీఎఫ్-8’ అని పెట్టుకోండి.

దీనికి స్ప్రింగ్ బూట్ 3ని జోడిద్దాం. పామ్ ఫైల్‌లో (మేవెన్ సెట్టింగుల ఫైల్) కామెల్ స్ప్రింగ్ బూట్ బామ్‌ని (వెర్షన్ల జాబితా) డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో పెడితే కామెల్ వెర్షన్లన్నీ అదే చూసుకుంటుంది. స్టార్టర్లు ఇవి: కామెల్ ముఖ్య స్టార్టర్, జేఎంఎస్ (జావాలో క్యూలతో మాట్లాడే పద్ధతి), జేసన్‌పాత్ (జేసన్‌లోంచి విలువ తీసేది), ప్లాట్‌ఫామ్ హెచ్‌టీటీపీ. స్ప్రింగ్ వైపు నుంచి వెబ్, యాక్చుయేటర్ (అప్లికేషన్ ఆరోగ్యం చూపేది), ఆర్టెమిస్. బ్రోకర్‌గా అపాచీ యాక్టివ్‌ఎంక్యూ ఆర్టెమిస్ కంటైనర్‌ని లేపండి. మెసేజ్‌ల పోర్ట్ 61616, బ్రౌజర్‌లో చూసుకునే కన్సోల్ పోర్ట్ 8161.

మెట్టు 3: తీసుకునే రూట్

రూట్ బిల్డర్ అనే క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేసి, కాన్ఫిగర్ మెథడ్‌లో రూట్ రాయాలి. ‘ఫ్రమ్’ లో ప్లాట్‌ఫామ్ హెచ్‌టీటీపీ, దారి ‘లాట్స్’, పోస్ట్ మాత్రమే. ‘టూ’ లో జేఎంఎస్ క్యూ లాట్స్ ఇన్. తర్వాత రెస్పాన్స్ కోడ్ హెడర్‌లో 202, అంటే ‘అందింది’ అని.

చూడటానికి మూడు లైన్లే. కానీ ఇలాగే రాసి నడిపితే ప్రతి రిక్వెస్ట్ 20 సెకన్లు వేలాడి టైమౌట్ అవుతుంది. ఎందుకంటే హెచ్‌టీటీపీ అంటే అడగడం, జవాబు తీసుకోవడం. కామెల్ ఆ స్వభావాన్నే ముందుకు మోసుకెళ్లి, జేఎంఎస్ క్యూలో వేశాక కూడా అవతలి నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తుంది. మన క్యూ దగ్గర జవాబిచ్చే నాథుడు లేడు. అందుకని ‘టూ’ లో ఎక్స్‌చేంజ్ ప్యాటర్న్‌ని ‘ఇన్ ఓన్లీ’ అని స్పష్టంగా చెప్పాలి. కామెల్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఎర్రర్ చూసి బ్రోకర్ పాడైందనుకుంటారు, మెసేజ్ మాత్రం క్యూలో భద్రంగా ఉంటుంది.

ఈ రూట్‌కి డెడ్ లెటర్ ఏర్పాటు (కుదరని మెసేజ్‌ని డెడ్ క్యూకి మళ్లించడం) పెట్టకండి. బ్రోకర్ అందకపోతే పంపినవాళ్లకు ఎర్రర్ వెళ్లాలి. 202 వచ్చిందంటే మెసేజ్ మా దగ్గర పడింది, రాలేదంటే మళ్లీ పంపండి: ఇదే ఒప్పందం. లోపం లోపలే మింగేసి బయటికి అంతా బాగుందని చెబితే ఆ చీటీ పోయినట్టే. కామెల్‌లో ఎర్రర్ హ్యాండ్లర్ ఒక రూట్ బిల్డర్ క్లాస్‌లోని అన్ని రూట్లకూ వర్తిస్తుంది కాబట్టి, పంచే రూట్‌ని వేరే క్లాస్‌లో రాద్దాం.

మెట్టు 4: పంచే రూట్

‘ఫ్రమ్’ లో లాట్స్ ఇన్ క్యూ, దాని పక్కనే ‘ట్రాన్సాక్టెడ్ ఈక్వల్స్ ట్రూ’. ఈ ఒక్క మాట లేకపోతే, మన పని ఇంకా మొదలవకముందే మెసేజ్ అందిందని బ్రోకర్‌కి కబురు వెళ్లిపోతుంది. బ్రోకర్ దాన్ని చెరిపేస్తుంది. మరుక్షణం కంటైనర్ కూలితే ఆ లాట్ ఎక్కడా ఉండదు. ట్రాన్సాక్టెడ్ ఉంటే తీసుకోవడం, పంపడం రెండూ ఒకే లావాదేవీ. రెండోది పూర్తి కాకపోతే మొదటిది కూడా జరగనట్టే, మెసేజ్ వెనక్కి క్యూలోకి పోతుంది. రెండు క్యూలూ ఒకే బ్రోకర్‌లో, ఒకే కనెక్షన్ ఫ్యాక్టరీ మీద ఉండాలన్నది మాత్రం మరవద్దు.

తర్వాత జేసన్‌పాత్‌తో సరుకు కోడ్‌ని, లాట్ నంబరుని హెడర్లలోకి తీసుకోండి. బాడీని ముట్టుకోవద్దు. రూటర్ పని దారి చూపడమే, సరుకు విప్పి సర్దడం కాదు. బాడీ వచ్చింది వచ్చినట్టు పోతే, రేపు జేసన్‌లో కొత్త ఫీల్డ్ చేరినా రూటర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

ఇక ‘చాయిస్’. ‘వెన్’ హెడర్ పత్తి అయితే పత్తి క్యూ, ‘వెన్’ మిర్చి అయితే మిర్చి క్యూ, ‘వెన్’ పసుపు అయితే పసుపు క్యూ, ‘అదర్‌వైజ్’ ఇతర క్యూ, చివర ‘ఎండ్’. ‘వెన్’ ల వరుస ముఖ్యం, మొదట ఏది సరిపోతే అదే. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి దాని లెక్క విడిగా కావాలని ఎవరైనా అడిగారనుకోండి. మిర్చి కోడ్ ‘ఎం’ తో మొదలైతే చాలు అని మీ షరతు ఉండి, చపాట కోడ్ కూడా ‘ఎం’ తోనే మొదలైతే, చపాట ‘వెన్’ ని మిర్చి కంటే పైన పెట్టాలి. కింద పెడితే ఎర్రర్ ఏమీ రాదు, చపాట క్యూ ఎప్పటికీ ఖాళీగా ఉంటుందంతే. ‘ఎండ్’ మరిచిపోయినా ఇలాగే: ఆ తర్వాత రాసిన మెట్లన్నీ ‘అదర్‌వైజ్’ లో భాగమైపోతాయి.

క్యూ పేర్లను కాన్‌స్టెంట్లుగా ఒకే చోట రాసుకోండి. ఆర్టెమిస్ డిఫాల్ట్‌గా, లేని క్యూ పేరు చెబితే అడగకుండానే సృష్టించేస్తుంది. ఒక్క అక్షరం తప్పు కొడితే మెసేజ్‌లు ఎవరూ చూడని క్యూలో పోగుపడతాయి.

మెట్టు 5: చెడ్డ మెసేజ్ వస్తే

పంచే రూట్ ఉన్న క్లాస్‌లో డెడ్ లెటర్ ఛానల్ పెట్టండి. మూడు సార్లు మళ్లీ ప్రయత్నం, మధ్యలో 2 సెకన్ల విరామం, చివరికి డెడ్ క్యూ. అసలు మెసేజ్‌నే పంపమని ‘యూజ్ ఒరిజినల్ మెసేజ్’ కూడా చేర్చండి.

అన్ని లోపాలూ ఒకటి కావు. తెగిపోయిన జేసన్‌ని మూడుసార్లు కాదు, ముప్పైసార్లు చదివినా అతుక్కోదు. అలాంటివాటికి ‘ఆన్ ఎక్సెప్షన్’ రాసి ప్రయత్నాలు సున్నా చేసి, ‘హ్యాండిల్డ్ ట్రూ’ పెట్టి నేరుగా డెడ్ క్యూకి పంపండి. ఇక బ్రోకరే పడిపోతే? డెడ్ క్యూకి పంపడం కూడా కుదరదు, లావాదేవీ వెనక్కి పోతుంది, మెసేజ్ తన చోటే ఉంటుంది. మనకు కావలసింది కూడా అదే.

డెడ్ క్యూలో పడిన మెసేజ్‌ని రేపు ఎవరో తెరిచి చూస్తారు. ఎందుకు పడిందో దాని మీదే రాసి ఉండాలి. కామెల్ ఆ కారణాన్ని ఎక్స్‌చేంజ్ ప్రాపర్టీలో ఉంచుతుంది, ప్రాపర్టీలు జేఎంఎస్ మీదుగా ప్రయాణించవు. కాబట్టి ‘ఆన్ ప్రిపేర్ ఫెయిల్యూర్’ లో చిన్న ప్రాసెసర్ రాసి, ఎక్సెప్షన్ సందేశాన్ని ఒక హెడర్‌లోకి ఎక్కించండి. ‘ఆన్ ఎక్సెప్షన్’ దారిలో వెళ్లేవాటికీ అదే హెడర్ పెట్టండి. ఐదు లైన్ల పని, గంటల వెతుకులాట తప్పుతుంది.

మెట్టు 6: రెండుసార్లు వచ్చిన లాట్

202 రాకపోతే మళ్లీ పంపమన్నాం కదా. నెట్ సతాయించి 202 దారిలోనే పోతే అదే లాట్ రెండోసారి వస్తుంది. మెసేజ్ పోకూడదని పట్టుబడితే దానికి మూల్యం ఇదే, అప్పుడప్పుడూ రెండుసార్లు వస్తుంది. తక్‌పట్టి రెండుసార్లు లెక్కకెక్కితే గొడవే.

కామెల్‌లో దీనికి ‘ఐడెంపొటెంట్ కన్స్యూమర్’ ఉంది. చూసిన లాట్ నంబర్లను గుర్తుపెట్టుకుని, రెండోసారి వస్తే వదిలేస్తుంది. మెమరీలో గుర్తుంచుకునే రకం కంటైనర్లకు పనికిరాదు, కంటైనర్ పోతే జ్ఞాపకం పోతుంది, రెండు కంటైనర్లు ఉంటే ఒకదాని జ్ఞాపకం ఇంకొకదానికి తెలియదు. డేటాబేస్‌లో పెట్టేటప్పుడు ‘ఈగర్’ అనే సెట్టింగ్ చూసుకోండి. డిఫాల్ట్‌గా అది ట్రూ, అంటే పని మొదలవకముందే నంబరు రాసేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే కంటైనర్ చస్తే, మెసేజ్ క్యూలోకి తిరిగి వస్తుంది గానీ డేటాబేస్ దాన్ని ఇదివరకే చూశానంటుంది. రెండోసారి రాకుండా కాపు కాయాల్సింది అసలు లాట్‌నే బయట పడేస్తుంది. వాడితే ‘ఈగర్’ ని ఫాల్స్ చేసి వాడండి.

ఇంత చిన్న అప్లికేషన్‌కి నా సలహా ఇంకా తేలికైనది. లెక్క చివరికి రాసే డేటాబేస్ టేబుల్‌లో లాట్ నంబరుని ప్రైమరీ కీ చేయండి. రెండోది తనంతట తానే లోపలికి రాదు. రూటర్‌కి జ్ఞాపకాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

మెట్టు 7: టెస్ట్

కామెల్ టెస్ట్ లైబ్రరీలో మాక్ ఎండ్‌పాయింట్లు ఉంటాయి. ‘అడ్వైస్ విత్’ తో ‘ఫ్రమ్’ ని డైరెక్ట్‌గా, క్యూలను మాక్‌లుగా మార్చుకుంటే బ్రోకర్ లేకుండానే రూట్‌ని పరీక్షించవచ్చు. ప్రతి సరుకుకీ ఒకటి, తెలియని కోడ్‌కి ఒకటి, తెగిన జేసన్‌కి ఒకటి, చపాట వరుసకి ఒకటి రాయండి.

మెట్టు 8: ఇమేజ్ కట్టడం

డాకర్‌ఫైల్‌ని రెండు అంచెల్లో రాయండి. మొదటి అంచెలో మేవెన్, జావా 21 ఉన్న ఇమేజ్. ముందు పామ్ ఫైల్ మాత్రమే కాపీ చేసి డిపెండెన్సీలు దించుకోండి, ఆ తర్వాతే సోర్స్ కాపీ చేసి ప్యాకేజ్ చేయండి. కోడ్‌లో ఒక లైన్ మార్చిన ప్రతిసారీ లైబ్రరీలన్నీ మళ్లీ దిగకుండా ఉంటాయి. హాస్టల్లో మొబైల్ డేటా మీద పనిచేసేవాళ్లకు ఈ వరుస ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. రెండో అంచెలో ఎక్లిప్స్ టెమురిన్ 21 జేఆర్ఈ ఇమేజ్ తీసుకుని జార్ ఒక్కటే కాపీ చేయండి. రూట్ యూజర్‌తో కాకుండా మామూలు యూజర్‌తో నడపండి.

ఎంట్రీపాయింట్‌ని (కంటైనర్ లేవగానే నడిచే కమాండ్) చదరపు బ్రాకెట్లలో, ఒక్కో పదం కోట్స్‌లో పెట్టి రాయాలి. మామూలు వాక్యంలా రాస్తే ముందు షెల్ మొదలై, దాని కింద జావా నడుస్తుంది. కంటైనర్‌ని ఆపమని వచ్చే సిగ్నల్ షెల్‌కి తగులుతుంది, అది జావాకి చేరకపోవచ్చు. జావా తన పనిలో తానుంటుంది, గడువు తీరాక బలవంతంగా చంపేస్తారు.

మెమరీ సంగతి. జావా కంటైనర్ పరిమితిని గుర్తిస్తుంది గానీ, హీప్‌కి డిఫాల్ట్‌గా అందులో నాలుగో వంతే తీసుకుంటుంది. 512 ఎంబీ ఇస్తే హీప్ 128 ఎంబీ. ‘మ్యాక్స్ ర్యామ్ పర్సెంటేజ్’ ని 70 దాకా పెంచండి, 100 చేయకండి. హీప్ బయట కూడా జావాకి చోటు కావాలి. కంటైనర్ 137 కోడ్‌తో ఆగిందంటే బలవంతంగా చంపారని అర్థం, ఎక్కువసార్లు కారణం మెమరీయే.

టైమ్ జోన్ కూడా ఇప్పుడే పెట్టేయండి. కంటైనర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి, మన గడియారం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. రాత్రి దించిన సరుకుని తెల్లవారుజామున 4 గంటలకు నమోదు చేస్తే, తేదీ నిన్నటిది పడుతుంది. జావాకి యూజర్ టైమ్‌జోన్‌గా ఏషియా కోల్‌కతా ఇవ్వండి.

మెట్టు 9: కంపోజ్‌తో రెండింటినీ కలపడం

కంపోజ్ అంటే పలు కంటైనర్లను ఒకే ఫైల్‌తో కలిపి నడిపే డాకర్ సాధనం. కంపోజ్ ఫైల్‌లో రెండు సర్వీసులు, బ్రోకర్, రూటర్. ఇక్కడ అందరికీ తగిలే రాయి లోకల్‌హోస్ట్. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, పక్కనున్న బ్రోకర్ కాదు. అడ్రస్‌లో కంపోజ్ సర్వీస్ పేరు రాయాలి. దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చేటప్పుడు స్ప్రింగ్ ప్రాపర్టీ పేరులోని చుక్కల బదులు అండర్‌స్కోర్ పెట్టి, డ్యాష్‌లు పూర్తిగా తీసేసి, అన్నీ పెద్దక్షరాల్లో రాయాలి.

బ్రోకర్‌కి వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే డిస్క్ చోటు) తప్పనిసరి. అధికారిక ఆర్టెమిస్ ఇమేజ్ తన డేటాని ‘వార్, లిబ్, ఆర్టెమిస్-ఇన్‌స్టాన్స్’ ఫోల్డర్‌లో దాస్తుంది. దాన్ని వాల్యూమ్‌కి కట్టకపోతే కంటైనర్ తీసేసిన రోజు క్యూలన్నీ దానితోనే పోతాయి.

ఇప్పుడు ఆపడం. ఆపమని చెప్పాక డాకర్ 10 సెకన్లు ఆగుతుంది. కుబర్నెటీస్ (చాలా కంటైనర్లను నడిపి చూసుకునే వ్యవస్థ) 30 సెకన్లు ఆగుతుంది. కామెల్ మాత్రం చేతిలో ఉన్న మెసేజ్‌లు ముగించడానికి తనకు తాను 45 సెకన్ల గడువు పెట్టుకుంటుంది. మూడు డిఫాల్ట్‌లు, ఒకదానితో ఒకటి కుదరవు. కామెల్ షట్‌డౌన్ టైమౌట్‌ని 20కి దించండి, కంపోజ్‌లో ‘స్టాప్ గ్రేస్ పీరియడ్’ ని 30కి పెంచండి. లోపలి గడువు ఎప్పుడూ బయటి గడువు కంటే తక్కువ ఉండాలి.

మెట్టు 10: కుబర్నెటీస్

ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి కైండ్ లేదా కే3ఎస్ అనే చిన్న కుబర్నెటీస్ సరిపోతుంది. బ్రోకర్‌ని మొదట్లోనే క్లస్టర్ లోపల పెట్టకండి. స్టేట్‌ఫుల్‌సెట్, స్టోరేజ్ సంగతులు వేరే పాఠం. బయట ఒక మెషిన్ మీద నడుపుతూ అడ్రస్‌ని కాన్ఫిగ్‌మ్యాప్‌లో, పాస్‌వర్డ్‌ని సీక్రెట్‌లో ఇవ్వండి. సీక్రెట్‌లోని బేస్64 తాళం కాదు, ముసుగు మాత్రమే. ఆ ఫైల్‌ని గిట్‌లో పెట్టొద్దు.

ఇమేజ్ ట్యాగ్‌గా ‘లేటెస్ట్’ వాడకండి. ఆ ట్యాగ్ చూస్తే కుబర్నెటీస్ ప్రతిసారీ రిజిస్ట్రీకి పరుగెడుతుంది. మీ ఇమేజ్ కైండ్‌లోకి లోడ్ చేసి ఉన్నా ఇమేజ్ పుల్ ఎర్రర్ వస్తుంది. వెర్షన్ నంబరు ఇస్తే ఈ బాధ లేదు, తేడా వస్తే పాతదానికి వెనక్కి పోవడం కూడా తేలిక.

పాడ్‌లు (కుబర్నెటీస్‌లో కంటైనర్ నడిచే యూనిట్లు) రెండు పెట్టండి. క్యూ వాటి మధ్య మెసేజ్‌లను పంచుతుంది, ఒకే మెసేజ్ ఇద్దరికీ వెళ్లదు. అయితే వచ్చిన వరుసలోనే పోతాయన్న హామీ ఉండదు. తర్వాత ఎప్పుడైనా టైమర్ రూట్ చేరిస్తే అది రెండు పాడ్‌లలోనూ కొడుతుందని గుర్తుంచుకోండి.

ప్రోబ్‌లు, అంటే పాడ్ ఆరోగ్యం చూసే పరీక్షలు, యాక్చుయేటర్ ఇస్తుంది. రెడీనెస్‌లో (పని తీసుకోగలదా) బ్రోకర్‌ని చూసినా ఫర్వాలేదు, లైవ్‌నెస్‌లో (బతికి ఉందా) మాత్రం చూడకండి. బ్రోకర్ కాసేపు పడితే కుబర్నెటీస్ బాగున్న పాడ్‌లన్నింటినీ చంపి లేపుతూ కూర్చుంటుంది.

పాడ్ ఆగేటప్పుడు, సర్వీస్ జాబితా నుంచి దాని పేరు తీయడమూ, ఆపమని సిగ్నల్ పంపడమూ దాదాపు ఒకేసారి మొదలవుతాయి. మధ్యలో వచ్చిన రిక్వెస్ట్ ఆగిపోతున్న పాడ్‌కి తగలవచ్చు. ‘ప్రీస్టాప్’ లో 5 సెకన్ల స్లీప్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఈ 5, కామెల్ 20 కలిపి 25, కుబర్నెటీస్ 30లో పడతాయి.

మెట్టు 11: చంపి చూడండి

స్క్రిప్ట్ రాసి 1000 లాట్లు పంపండి, ప్రతిదానికీ వేరే నంబరు. 202 రానివాటిని స్క్రిప్ట్ మళ్లీ పంపాలి. సగం వెళ్లాక కుబ్‌సీటీఎల్ అనే కుబర్నెటీస్ కమాండ్‌తో ఒక పాడ్‌ని డిలీట్ చేయండి. ఇంకో విడతలో గ్రేస్ పీరియడ్ సున్నా ఇచ్చి బలవంతంగా చంపండి. మూడో విడతలో బ్రోకర్‌ని ఆపి లేపండి. ప్రతిసారీ ఖాళీ క్యూలతో మొదలుపెట్టి, చివర లాట్స్ ఇన్ ఖాళీ అయ్యాక కన్సోల్‌లో పత్తి, మిర్చి, పసుపు, ఇతర, డెడ్ క్యూలను కూడండి.

1000 కంటే ఎక్కువ వస్తే అది పంపినవాళ్ల రెండో ప్రయత్నం. లాట్ నంబర్లు సరిచూస్తే తెలుస్తుంది, మెట్టు 6లోని ప్రైమరీ కీ దాన్ని పట్టుకుంటుంది. తక్కువ వస్తే ముందు ‘ట్రాన్సాక్టెడ్’ ఉందో లేదో చూడండి, తర్వాత తప్పు పేరుతో పుట్టిన క్యూ ఏదైనా ఉందేమో కన్సోల్‌లో వెతకండి, ఆపైన తీసుకునే రూట్ లోపాన్ని మింగి 202 ఇస్తోందేమో చూడండి. బ్రోకర్‌ని ఆపిన విడతలోనే తక్కువ పడితే వాల్యూమ్ సరిగ్గా కట్టలేదన్నమాట.